నాన్న దాచిన ఇంద్రజాల్ కామిక్స్ పిల్లలకి ఇవ్వాలా, వద్దా?

గార్డుగారి అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మా నాన్న రైల్వేలో గార్డు. విజయవాడలో ఉండేవాళ్ళం. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు స్టేషన్ బుక్‌స్టాల్లో ఇంద్రజాల్ కామిక్స్ (మాండ్రేక్, ఫాంటమ్ లాంటి వీరుల బొమ్మల కథల పుస్తకాలు) కొత్త సంచిక కనిపిస్తే కొని, డ్యూటీ సామాన్ల లైన్‌బాక్సులో పెట్టుకుని తెచ్చేవారు. అన్నీ ఇంగ్లిష్‌వే. పదేసి పుస్తకాలు కలిపి కుట్టి, మైదా జిగురుతో అట్ట వేసి, వీపు మీద ఎర్ర పెన్సిల్‌తో నంబరు వేసేవారు. మొత్తం 14 బైండ్లు. నాన్న పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక అమ్మ ఆ ట్రంకుపెట్టె హైదరాబాద్‌లో మా ఇంటికి పంపింది. మేం టోలీచౌకిలో ఉంటాం.

మా పాపకి పదేళ్ళు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక సూడాన్ కుటుంబం ఉంది. వాళ్ళ అమ్మాయిదీ మా పాపదీ ఒకే క్లాసు. ఆ క్లాసులో అందరికన్నా ఇంగ్లిష్ బాగా మాట్లాడేది ఆ పిల్లే. ఇంట్లో అరబిక్, కింద పిల్లలతో ఉర్దూ, మా వాచ్‌మన్‌తో తెలుగు.

పోయిన ఆదివారం ఇద్దరూ కూర్చుని పెట్టె తెరిచారు. నేను వంటింట్లో పెసరట్లు వేస్తున్నాను. నవ్వులు వినిపిస్తున్నాయి. కాసేపటికి ఆగిపోయాయి. వెళ్ళి చూస్తే మాండ్రేక్ బైండు తెరిచి ఉంది. మీకు తెలిసిన బొమ్మే. ఇంద్రజాలికుడు మాండ్రేక్ నల్లసూటులో, పొడుగు టోపీతో ఉంటాడు. పక్కన అతని ఆఫ్రికా స్నేహితుడు లోథార్, చిరుతపులి తోలు కట్టుకుని, నెత్తిన ఎర్ర ఫెజ్ టోపీతో. ఆ పిల్ల నన్ను అడిగింది: "ఆంటీ, ఈయన చొక్కా ఎందుకు వేసుకోలేదు? ఇంగ్లిష్ ఎందుకు ఇలా తప్పుగా మాట్లాడుతున్నాడు?"

"అది చాలా పాత పుస్తకం తల్లీ" అన్నాను.

"అంటే పాతకాలంలో మేం ఇలా ఉండేవాళ్ళమా?"

నాకు మాట రాలేదు. ఆ పిల్ల ఒక అట్టు తిని, ఇంట్లో పని ఉందని వెళ్ళిపోయింది. మామూలుగా చీకటి పడేదాకా ఉంటుంది.

ఆ పుస్తకాన్ని నేను యాభైసార్లు చదివి ఉంటాను. లోథార్ అంటే నాకు ప్రాణం. ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాకు రాలేదు. పైగా ఆ రాత్రి ఇంకోటి గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో మేం మాండ్రేక్, లోథార్ ఆట ఆడేవాళ్ళం. మా బాబాయ్ కొడుకు కాస్త నలుపు, ఇంట్లో అందరూ నల్లోడా అనే పిలిచేవారు. ఎప్పుడూ లోథార్ వాడే. ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, అదలా ఖాయమైపోయింది. మర్నాడు వాడికి ఫోన్ చేసి ఆట గుర్తుందా అని అడిగాను. "ఒక్కసారి నన్ను మాండ్రేక్‌గా ఉండనివ్వమని ఏడ్చాను అక్కా, నీకు గుర్తులేదా?" అన్నాడు. నిజంగా నాకు గుర్తులేదు. వాడికి 46 ఏళ్ళొచ్చినా గుర్తుంది.

మా ఆయన ఎవరైనా కొనేవాళ్ళకి ఇచ్చేయమంటున్నారు. నాన్న చేతిరాత ఉన్నవి నేను ఇవ్వలేను. అలాగని పిల్లల చేతికి అందేలా పెట్టాలంటే భయంగా ఉంది. మీ ఇళ్ళల్లో ఇలాంటివి ఏం చేశారు? అసలు ఆ పిల్లకి నేనేం చెప్పి ఉండాల్సింది?

వేటపాలెం వాసి

అమ్మా, మీ నాన్నగారిలాంటి వాళ్ళు ఉండబట్టే ఆ పుస్తకాలు ఇవాళ్టికీ మిగిలాయి. దయచేసి అమ్మకండి.

నా మాట వేరే. నేను తెలుగు మీడియం. నాకు ఇంగ్లిష్ వచ్చింది ఈ బొమ్మల పుస్తకాల వల్లే. లోథార్ అంటే మాకు బలం, నమ్మకం. అతను పనివాడు కాదు, ఏడు జాతులకి యువరాజు, సింహాసనం వదులుకుని స్నేహితుడి వెంట వచ్చాడు. గీసినవాళ్ళు ద్వేషంతో గీశారని నేను అనుకోను. 1934లో గీసిన బొమ్మని ఇప్పటి కళ్ళతో చూస్తూ పోతే ఏ పుస్తకం మిగలదు. ఆ కాలంలో అందరూ అలాగే అనుకునేవారు. పసిపిల్లల మనసులో లేని బాధ మనమే పెడుతున్నామేమో, ఒక్కసారి ఆలోచించండి.

ఆదివారం అబిడ్స్

గార్డుగారి అమ్మాయి గారూ, నేను ఇరవై ఏళ్ళుగా ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ వెతికి కొంటున్నాను. వేటపాలెం వాసి గారి ప్రేమ నాకు అర్థమవుతుంది, నాదీ అదే ప్రేమ. కానీ పసిపిల్లల మనసులో లేనిది మనం పెట్టామనడం మాత్రం సరికాదండి. అడిగింది ఆ పిల్లే కదా. మనం ఎవరం అడగలేదు.

మీరు ఒక పని చేయండి. మాండ్రేక్ కథల్ని బొమ్మలు గీసిన మనిషిని బట్టి రెండు కుప్పలుగా వేయండి. మాండ్రేక్ కథలు రాసింది లీ ఫాక్. వాటికి మొదట బొమ్మలు గీసింది ఫిల్ డేవిస్. ఆయన 1964లో పోయారు. 1965 నుంచి ఫ్రెడ్ ఫ్రెడరిక్స్ గీశారు. ఫ్రెడరిక్స్ వచ్చాక లోథార్ మాట మారింది, అందరిలాగే చక్కటి ఇంగ్లిష్ మాట్లాడతాడు. బట్టలు మారాయి. చిరుతపులి చుక్కలు ఉంటే గింటే చొక్కా మీదే. కథ రాసే మనిషి మాత్రం అదే లీ ఫాక్. ముప్పై ఏళ్ళు ఒకలా రాసిన ఆయన తన చేత్తోనే మార్చుకున్నాడు. అమెరికాలో పౌరహక్కుల చట్టం 1964లో వచ్చిందన్నది పక్కన పెట్టుకుని చూడండి. మీ నాన్నగారి పెట్టెలో రెండు రకాలూ కలిసే ఉంటాయి, ఎందుకంటే మన ఇంద్రజాల్ 1964 మార్చిలో మొదలైనా, పాత కథలూ కొత్త కథలూ కలిపి వేసేది.

ఇక "ఆ కాలంలో అందరూ అలాగే అనుకునేవారు" అన్నదాని గురించి. నేనూ చాలా ఏళ్ళు అదే అనేవాణ్ణి. అందరూ అంటే ఎవరు? 1947లో ఫిలడెల్ఫియాలో ఒరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి పత్రికా రచయిత ఆల్ నీగ్రో కామిక్స్ అని ఒక సంచిక తెచ్చాడు. రాసినవాళ్ళు, గీసినవాళ్ళు అందరూ నల్లవాళ్ళే. అందులో డిటెక్టివ్ ఉన్నాడు, ఒంటినిండా బట్టలతో, బుర్రతో. రెండో సంచిక సిద్ధం చేసుకుంటే ఆయనకి న్యూస్‌ప్రింట్ అమ్మేవాళ్ళు లేకపోయారు. అక్కడితో ఆగిపోయింది. ఆ కాలంలో వేరేలా ఆలోచించినవాళ్ళు లేకపోలేదు, వాళ్ళకి కాగితం దొరకలేదు.

1953లో అమెరికాలో ఈసీ కామిక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు జడ్జిమెంట్ డే అని ఒక చిన్న కథ వేశారు. భూమి నుంచి ఒక వ్యోమగామి రోబోల గ్రహానికి వెళ్తాడు. అక్కడ నారింజరంగు రోబోలు, నీలంరంగు రోబోలు. లోపలి యంత్రం ఒకటే, పైరంగు మాత్రమే వేరు. నీలం వాళ్ళకి వేరే వాడ, తక్కువ పనులు. మీరింకా మాతో కలవడానికి సిద్ధంగా లేరని చెప్పి ఆయన తిరుగు ప్రయాణం కడతాడు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తే ఆయన నల్లజాతి మనిషి. ముఖం మీద చెమట చుక్కలు. 1956లో ఆ కథని మళ్ళీ వేయబోతే కామిక్స్ కోడ్ (అక్కడి కామిక్స్‌కి సెన్సారు లాంటిది) అధికారి అడ్డుపడ్డాడు, ఆ మనిషి నల్లవాడు కాకూడదన్నాడు. ఈసీ వాళ్ళు ఒప్పుకోలేదు, ఉన్నదున్నట్టు వేశారు. వాళ్ళు వేసిన ఆఖరి కామిక్ పుస్తకం అదే. ఆ చివరి బొమ్మ చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంకొక్క విషయం. ఇది మన గురించే. ఫాంటమ్ అంటే అడవిలో పుర్రెల గుహలో ఉండే ముసుగు వీరుడు. అసలు ఇంగ్లిష్ కథల్లో అతను ఉండే దేశం పేరు మొదట బెంగాలి. సముద్రపు దొంగల ముఠా పేరు సింగ్. ఫాంటమ్ తండ్రిని చంపినవాడి పేరు రామ. ఇక్కడ అచ్చు వేసేటప్పుడు ఇంద్రజాల్ వాళ్ళు బెంగాలిని డెంకాలి చేశారు, సింగ్‌ని సింగా చేశారు, రామని రామాలు చేశారు. మీ బైండ్లలో చూడండి, కనిపిస్తాయి. మన పేరు దొంగకి పెడితే మనకి కష్టం కలుగుతుందని తెలుసు, మార్చుకున్నారు. సరైన పనే. మరి పక్క బొమ్మలో ఈటెలు పట్టుకుని గంతులేసే మనుషులు? వాళ్ళ తరఫున ఆ గదిలో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఆ మూడు పేర్ల సంగతి తెలిసినప్పటి నుంచి ఫాంటమ్‌ని నేను పూర్వంలా చదవలేకపోతున్నాను.

మీరు టోలీచౌకిలో ఉంటున్నారు కాబట్టి చెబుతున్నాను. మాసాబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో గుర్రపు దళంగా ఉన్న ఆఫ్రికా మూలాల మనుషుల పేరు అది. ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. "పాతకాలంలో మేం ఇలా ఉండేవాళ్ళమా" అని ఆ పాప మళ్ళీ అడిగితే, ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళండి. మనూళ్ళో యూనిఫారం వేసుకుని గుర్రం మీద కూర్చున్నారని చెప్పండి.

లెక్కల మాస్టారు

అమ్మా, నాకు 79 ఏళ్ళు. 1973 నుంచి 1982 దాకా జాంబియాలో, కిట్వే ఊళ్ళో సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పాను. రాగి గనుల ప్రాంతం. మన తెలుగు మాస్టార్లు అక్కడ చాలామంది ఉండేవాళ్ళం.

సెలవులకి వచ్చి వెళ్ళేటప్పుడు మా అబ్బాయి కోసం ఇంద్రజాల్ కామిక్స్ పట్టుకెళ్ళేవాణ్ణి. ఒకరోజు ట్యూషన్‌కి వచ్చిన కుర్రాడు, అక్కడి హైస్కూల్లో ఫామ్ ఫోర్ క్లాసు, ఒక ఫాంటమ్ పుస్తకం తీసుకుని చివరిదాకా చదివాడు. వాళ్ళ నాన్న గనిలో దిగే మనిషి. చదివి నన్ను అడిగాడు: "సార్, 400 ఏళ్ళుగా ఇతను ఒక్కడే, చావు లేనివాడు అని ఈ జనం నమ్ముతున్నారు కదా. తండ్రి పోతే కొడుకు ముసుగు వేసుకుంటున్నాడని 21 తరాల్లో ఒక్కరికీ అనుమానం రాలేదా? మా అమ్మమ్మ అయితే వారంలో కనిపెట్టేస్తుంది."

ఫాంటమ్‌తో ఉండే బందార్ మరుగుజ్జులకి ఆ రహస్యం తెలుసులే అన్నాను. "మరి మిగతా వాళ్ళకి బుర్ర లేదా సార్?" అన్నాడు. తర్వాత ఇంకోటి అడిగాడు. ఈ ఊళ్ళో జనం ఏం పండిస్తారు, ఏం తింటారు, పిల్లలు ఏ బడికి వెళ్తారు, ఒక్క బొమ్మలోనూ లేదేం అని. వాళ్ళింట్లో మొక్కజొన్న పిండితో షిమా వండేవారు. నేనూ తిన్నాను, మన సంగటిలా ఉంటుంది. కిటికీలోంచి చూస్తే గని గోపురం, రైలు పట్టాలు కనిపించేవి. చేతిలో పుస్తకం చూస్తే పుర్రెల గుహ.

నేను ఆ రోజు సిగ్గుపడ్డాను. పుస్తకం గురించి కాదు. మా కాలనీలో మన వాళ్ళ ఇళ్ళల్లో వంట చేసే మనిషికి యాభై ఏళ్ళుంటాయి. ఆయన్ని అందరం "బోయ్" అనేవాళ్ళం. నేనూ అన్నాను. ఆయన పేరు నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది, అదీ ఆస్పత్రిలో చేర్పించడానికి ఫారం నింపాల్సి వస్తే. మనం ఆ పుస్తకాల్ని ఎవరి పక్కన నిలబడి చదివామో నాకు అప్పుడు తెలిసింది. మన ఒంటిరంగు చూస్తే ఆ ఊరి జనానికి దగ్గర. చదివేటప్పుడు మాత్రం ముసుగు మనిషి గుర్రం వెనక ఎక్కి కూర్చున్నాం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఫాంటమ్ కూడా మారాడు. 1960లో ఒక్క ఏడాదిలో ఆఫ్రికాలో 17 దేశాలకి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ దశాబ్దంలోనే ఫాంటమ్ దేశానికి లువాగా అని ఒక నల్లజాతి డాక్టర్ ఎన్నికల్లో గెలిచి ప్రెసిడెంట్ అయ్యాడు. అడవిలో గస్తీ తిరిగే జంగిల్ పట్రోల్ దళానికి అధిపతిగా నల్లజాతి కర్నల్ వొరూబు వచ్చాడు. మా కుర్రాడికి లువాగా కథ ఇస్తే ఇష్టంగా చదివాడు. కానీ చివర్లో, "ప్రెసిడెంట్ ఉన్నాడు, సైన్యం ఉంది, ఇంకా ఈ ముసుగు మనిషి దేనికి సార్?" అని అడిగాడు. లెక్కల మాస్టారిని, ఆ లెక్క నాకు తేలలేదు.

ఎడిసన్ నుంచి

నేను న్యూజెర్సీలో పుట్టి పెరిగాను. తెలుగు రాయడం అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే క్షమించండి.

మీ పాప స్నేహితురాలు నవ్వు ఆపేసిన క్షణం నాకు బాగా తెలుసు. మా స్కూల్లో నన్ను ఒక టీవీ కార్టూన్‌లోని కొట్టు నడిపే ఇండియన్, అపూ పేరుతో పిలిచేవారు. మా నాన్న ఫోన్‌లో మాట్లాడితే పక్కన నిలబడి ఆ యాసలో వెక్కిరించేవారు. ఆ గొంతు ఇచ్చింది తెల్లజాతి నటుడు. 2017లో హరి కొండబోలు, ఆయనదీ తెలుగు కుటుంబమే, దానిమీద డాక్యుమెంటరీ తీశారు. 2020లో ఆ నటుడు ఇక ఆ గొంతు ఇవ్వనని తప్పుకున్నాడు. ఆ డాక్యుమెంటరీ చూసి మా నాన్న "నీకు ఇంత బాధ ఉందని నాకెందుకు చెప్పలేదమ్మా" అన్నారు. చెప్తే మీ యాస గురించి మీరు బాధపడతారని చెప్పలేదు. అందుకే అంటున్నాను, ఆ పిల్ల వాళ్ళమ్మకి చెప్పి ఉండదు. మీరే వెళ్ళి మాట్లాడండి. ముందు ఆ పని చేయండి, పుస్తకాల సంగతి తర్వాత.

పుస్తకాలకి వస్తే, ఇదే తగువు కుర్ర విలేఖరి టిన్‌టిన్ బొమ్మల కథల్లో ఒకటైన టిన్‌టిన్ ఇన్ ది కాంగో మీద ఎప్పట్నుంచో ఉంది. 1930-31లో బెల్జియం పత్రికలో వచ్చింది. దాన్ని రాసి గీసిన హెర్జే అప్పటికి ఆఫ్రికా చూడలేదు. అందులో టిన్‌టిన్ కాంగో పిల్లలకి పాఠం చెబుతూ, మీ దేశం బెల్జియం గురించి చెబుతాను అంటాడు. 1946లో రంగుల్లో మళ్ళీ గీసినప్పుడు హెర్జే ఆ పాఠాన్ని కూడికల లెక్కగా మార్చాడు. మనుషుల బొమ్మలు మాత్రం అలాగే ఉంచాడు. అదే మనిషి 1934లో జాంగ్ చోంగ్‌రెన్ అనే చైనా విద్యార్థితో స్నేహం కలిసి, అడిగి తెలుసుకుని గీసిన మరో టిన్‌టిన్ కథ బ్లూ లోటస్‌లో చైనా వీధులు, బోర్డుల మీద రాతలతో సహా ఎంత శ్రద్ధగా ఉంటాయో! ఒక్క స్నేహితుడు దొరికితే అంత తేడా.

2007లో బ్రస్సెల్స్‌లో ఉండే ఒక కాంగో విద్యార్థి కోర్టుకి వెళ్ళాడు. 2012లో కోర్టు నిషేధించలేమంది. ఇంగ్లండ్‌లో ఆ పుస్తకాన్ని చుట్టూ హెచ్చరిక పట్టీ వేసి అమ్మారు. మాకు దగ్గర్లో బ్రూక్లిన్ పబ్లిక్ లైబ్రరీ దాన్ని మామూలు అరల్లోంచి తీసి, ముందుగా అడిగితేనే చూపించే చోట పెట్టింది. కాల్చలేదు, పారేయలేదు. నాకు ఆ పద్ధతి నచ్చింది. మీరూ పైఅరలో పెట్టండి. పాప అడిగినప్పుడు దించి, పక్కన కూర్చుని చదవండి.

కింద అరలో వేరేవి పెట్టండి. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన పదకొండు రోజులకి, కాలిఫోర్నియాలో హ్యారియెట్ గ్లిక్‌మన్ అనే టీచరు, చార్లీ బ్రౌన్ అనే పిల్లాడి పీనట్స్ బొమ్మల కథలు గీసే చార్లెస్ షుల్జ్‌కి ఉత్తరం రాశారు, మీ బొమ్మల్లో ఒక నల్లజాతి పిల్లాణ్ణి పెట్టండి అని. జూలై 31న ఫ్రాంక్లిన్ వచ్చాడు. సముద్రపు ఒడ్డున చార్లీ బ్రౌన్ బంతి తెచ్చిచ్చే పిల్లాడు. ఒంటిమీద ఏ తోలూ లేదు, మాటలో ఏ తప్పూ లేదు, మామూలు పిల్లాడు. ఒక టీచరు రాసిన ఉత్తరం!

వేటపాలెం వాసి

మాస్టారూ, ఆ 400 ఏళ్ళ ప్రశ్న నాకు అరవై ఏళ్ళలో ఒక్కసారి తట్టలేదు. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. పుస్తకాల మీద నా ప్రేమ తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ నా మనవడికి ఇచ్చినవాటిల్లో ఏమేం ఉన్నాయో మళ్ళీ ఒకసారి చదువుతాను. మన అమర్ చిత్ర కథలు కూడా. దేవతలు పసుపు గులాబి రంగుల్లో, రాక్షసులు నల్లగా. అదీ ఇదీ ఒకటేనని ఇప్పుడు అనిపిస్తోంది. అమ్మా, మీ తమ్ముడిగారి మాట చదివినప్పుడు నాకు మా చిన్న చెల్లెలు గుర్తొచ్చింది.

గార్డుగారి అమ్మాయి

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఎడిసన్ అమ్మాయి చెప్పినట్టు ముందు పై ఫ్లాటుకి వెళ్ళాను. మీరన్నట్టే, పిల్ల వాళ్ళమ్మకి ఏమీ చెప్పలేదు. నేను జరిగింది చెప్పి, నాకు ఆ రోజు జవాబు తెలియలేదు, మన్నించమన్నాను. ఆవిడ టీ ఇచ్చారు. స్కూల్ బస్సు దగ్గర పిల్లలు తన కూతుర్ని ఏమని పిలుస్తారో చెప్పారు. ఆ మాట ఇక్కడ రాయను. రెండేళ్ళుగా ఒకే లిఫ్ట్‌లో ఎక్కి దిగుతున్నాం, నాకు తెలియదు. మా పాపని అడిగితే "నాకు తెలుసమ్మా" అంది. దాని గురించి స్కూల్లో మాట్లాడటానికి మేమిద్దరం కలిసి వెళ్తున్నాం, గురువారం.

నాన్న బైండ్లు పైఅరలో పెట్టాను. సింగా, డెంకాలి, రామాలు మూడూ దొరికాయి. రామాలు దగ్గర నాన్న ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. ఆయనకేం అనుమానం వచ్చిందో అడగడానికి ఇప్పుడు ఆయన లేరు.

మా తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడు.

ఆదివారం ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. ఫ్రెడరిక్స్ గీసిన లోథార్ కథ ఒకటి దించి ఇచ్చాను, పక్కనే కూర్చున్నాను. చదివి, "ఈయన యువరాజు అయితే ఆ ఏడు జాతుల పేర్లేంటి ఆంటీ?" అంది. ముగ్గురం కలిసి 14 బైండ్లూ తిరగేశాం. ఒక్కదాంట్లోనూ పేర్లు లేవు. అబిడ్స్ గారూ, లోథార్ తన సొంత ఊరికి వెళ్ళిన కథ ఏదైనా మీ దగ్గర ఉందా? ఉంటే ఆ సంచిక నంబరు చెప్పండి. పిల్లలిద్దరూ రోజూ అడుగుతున్నారు.